ఉన్నట్టుండి మనిషి మారిపోతే ముందు ఒంట్లో ఏముందో చూపించండి

మీరు రాసింది ఇదీ: నాన్నగారికి 67, బీపీ షుగర్ ఉన్నాయి, ఇన్నేళ్ళలో మనసుకి సంబంధించిన జబ్బేదీ లేదు. పది రోజుల నుంచి రాత్రిళ్ళు నిద్రపోవట్లేదు, గదిలో చిన్నపిల్లలు తిరుగుతున్నారంటున్నారు, అమ్మగారు అన్నంలో ఏదో కలిపిందని తినట్లేదు, తెల్లారాక మళ్ళీ కాస్త మామూలుగానే మాట్లాడుతున్నారు. దగ్గర్లో డాక్టర్ హాలోపెరిడాల్ అనే సైకియాట్రీ మందు, నిద్రమాత్ర రాస్తే ఇంకా మబ్బుగా, కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయినట్టు అయ్యారు. బంధువులేమో గాలి సోకింది అంటున్నారు. సైకియాట్రిస్ట్ దగ్గరికా న్యూరో దగ్గరికా అని అడిగారు.

నేను సైకియాట్రిస్ట్‌ని, చాలా ఏళ్ళుగా జనరల్ హాస్పిటల్లో పని. ఆర్థో వార్డు నుంచో మెడికల్ వార్డు నుంచో "పేషెంట్ పిచ్చిపిచ్చిగా మాట్లాడుతున్నాడు, వచ్చి చూడండి" అని కబురొస్తే వెళ్ళి చూసేది మేమే. ఆ అనుభవంతో చెప్తున్నా, ముందు జనరల్ మెడిసిన్ డాక్టరూ, ల్యాబూ, సీటీ స్కానూ ఉన్న హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి, అదీ ఇవాళే. న్యూరోనా సైకియాట్రీనా అనేది ఆ రిపోర్టులు చూశాక వాళ్ళే తేలుస్తారు. ఇంకోటి, బిగుసుకుపోవడంతో పాటు ఒళ్ళు కాలిపోతున్నా, చెమటలు పడుతున్నా, పిలిస్తే పలక్కపోయినా ఒక్క గంట కూడా ఆగొద్దు, ఎమర్జెన్సీకి వెళ్ళండి, అది ఆ మందుకే వచ్చే ప్రమాదకరమైన రియాక్షన్ కావచ్చు. అదేం లేకపోయినా తర్వాతి డోస్ వేసే ముందు ఆ రాసిన డాక్టర్‌కి ఫోన్ చేసి ఇలా బిగుసుకుపోతున్నారని చెప్పండి.

ఎందుకింత తొందరపెడుతున్నానంటే మీరు రాసిన దాంట్లో నాలుగు విషయాలు నాకు గట్టిగా కనపడ్డాయి. వయసు, ఎన్ని రోజుల్లో వచ్చింది, పగలొకలా రాత్రొకలా ఉండటం, కళ్ళకి మనుషులు కనపడటం. స్కిజోఫ్రీనియా లాంటివి ఎక్కువగా పద్దెనిమిది నుంచి ముప్పై ఐదు లోపు మొదలవుతాయి, మెల్లగా నెలల తరబడి వస్తాయి, వాళ్ళకి ఎక్కువగా చెవిలో మాటలు వినపడతాయి. అరవై దాటే దాకా ఏమీ లేని మనిషికి వారం పది రోజుల్లో వచ్చి, సాయంత్రం అయ్యేసరికి పెరిగి, లేని మనుషులు, పురుగులు, జంతువులు కనపడుతున్నాయంటే, వేరే కారణం దొరికే దాకా అది ఒంట్లోంచి వచ్చిందనే పట్టుకోవాలి. మేం దాన్ని డెలీరియం అంటాం, మన పెద్దవాళ్ళు జ్వరంలో సంధి ప్రేలాపన అనేవాళ్ళే, అదే. కాకపోతే ముసలివాళ్ళలో జ్వరం లేకుండా కూడా వస్తుంది, అందుకే ఇంట్లో వాళ్ళకి తట్టదు.

ఇంట్లోనే ఒక చిన్న పని చేయండి. ఆయన కాస్త మెలకువగా ఉన్నప్పుడు పక్కన కూర్చుని ఆదివారం నుంచి వెనక్కి వారాల పేర్లు చెప్పమనండి, శనివారం, శుక్రవారం అలా. మామూలు అనుమానం జబ్బున్న వాళ్ళు విసుక్కుంటూనైనా చెప్పేస్తారు. డెలీరియంలో ఉన్నవాళ్ళు శనివారం అని, తర్వాత ఆగిపోయి, ఏమడిగారు అని మిమ్మల్నే చూస్తారు, లేకపోతే మళ్ళీ ఆదివారం సోమవారం అని ముందుకి వెళ్ళిపోతారు. ధ్యాస నిలవదు. ఈ ఒక్క సంగతి డాక్టర్‌కి చెప్తే ఆయన దారి సగం మారిపోతుంది.

ఇక మీ నాన్నగారి విషయంలో నేను మొదట చూసేది సోడియం. బీపీ బిళ్ళ స్ట్రిప్ ఒకసారి తీసి వెనకాల చదవండి, హైడ్రోక్లోరోథయజైడ్ అనో క్లోర్‌థాలిడోన్ అనో ఉందా, లేదా ఇండాపమైడ్ ఉందా. చాలా కాంబినేషన్ బిళ్ళల పేరు పక్కన హెచ్ అనో సీటీ అనో ఉండేది వీటికే. మూత్రం ద్వారా ఉప్పు బయటికి పంపి బీపీ తగ్గించే మందులివి, మంచి మందులే, కానీ పెద్దవయసులో కొందరికి రక్తంలో సోడియం బాగా దింపేస్తాయి. దానికి తోడు బీపీ అని ఇంట్లో చప్పిడి కూడు, ఎండాకాలం అని బిందెలకొద్దీ నీళ్ళు, రెండ్రోజులు విరేచనాలు పట్టుకుంటే చాలు. సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి, 120 దగ్గరికి దిగితే మనిషి అయోమయంగా మాట్లాడతాడు, తూలతాడు, ఇంకా కింద ఫిట్స్ వస్తాయి. సీరం ఎలక్ట్రోలైట్స్ అని చిన్న టెస్ట్, పెద్ద ఖర్చేం కాదు, అదే రోజు రిజల్ట్ వచ్చేస్తుంది. తక్కువ వచ్చింది కదా అని ఇంట్లో ఉప్పు నీళ్ళు పట్టేయొద్దు, సోడియం చాలా వేగంగా పెంచితే మెదడులోని నరాల పైపొర దెబ్బతిని అది ఇంకో పెద్ద కష్టం అవుతుంది, హాస్పిటల్లో గంటలు లెక్కపెట్టి నెమ్మదిగా ఎక్కించాలి.

రెండోది షుగర్, ఎక్కువ కాదు, తక్కువ అవడం. ఆయన అన్నం తినట్లేదన్నారు, కానీ షుగర్ బిళ్ళ మాత్రం అమ్మగారు టైముకి వేస్తూనే ఉండుంటారు. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి తిండి లేకపోయినా షుగర్ దింపుతూనే ఉంటాయి, కిడ్నీ కాస్త బలహీనంగా ఉంటే ఆ బిళ్ళ ఒంట్లో ఇంకా ఎక్కువసేపు ఉండిపోతుంది. షుగర్ పడిపోయిన మనిషి తాగినవాడిలా ప్రవర్తిస్తాడు, తిడతాడు, కొడతాడు, తర్వాత ఏమీ గుర్తుండదు. గ్లూకోమీటర్ ఉంటే వింతగా ఉన్న ఆ టైములోనే చూడండి, పొద్దున పరగడుపున చూసిన నంబర్ పనికిరాదు. 70 కంటే తక్కువుంటే, మింగగలిగే స్థితిలో ఉంటే, వెంటనే గ్లూకోజో పంచదార నీళ్ళో ఇచ్చి బయల్దేరండి, మింగలేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు.

తర్వాత మందులు. చీటీలో ఉన్నవే కాదు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా. జలుబు బిళ్ళ, దగ్గు సిరప్, అరికాళ్ళ మంటలకి అమిట్రిప్టిలిన్, నొప్పులకి ట్రమడాల్, మాటిమాటికీ మూత్రం వస్తోందని ఆక్సీబ్యుటినిన్, సైకియాట్రీ మందుతో పాటు వణుకు రాకుండా ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, ఇవన్నీ పెద్దవాళ్ళ బుర్రని మబ్బు చేయగలవు. ఏళ్ళ తరబడి నిద్ర కోసం వేసుకుంటున్న ఆల్‌ప్రజోలమ్‌ని ఒక్కసారిగా ఆపేసినా ఇదే పరిస్థితి. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులూ సీసాలూ అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి, ఆ సంచి మీరు నోటితో చెప్పేదాని కంటే ఎక్కువ చెప్తుంది.

ఇంకా మూత్రంలో ఇన్ఫెక్షన్, ప్రోస్టేట్ వల్ల మూత్రం ఆగిపోయి పొట్ట కింద ఉబ్బడం, నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, ఊపిరితిత్తుల్లో నిమ్ము, కిడ్నీ పనితీరు చెప్పే యూరియా క్రియాటినిన్ పెరగడం, ఇవి కూడా చూడాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న శ్రీకాకుళం ఉద్దానం వైపు వాళ్ళయితే క్రియాటినిన్ చూడకుండా ఎవరికీ ఏ మందూ రాయకూడదని నా గట్టి అభిప్రాయం. అలాగే గత రెండు నెలల్లో ఎక్కడైనా జారిపడ్డారేమో గుర్తు చేసుకోండి. బాత్రూంలో జారి తల గోడకి తగిలి, బొప్పి కట్టి, తగ్గిపోయిందని అందరూ మర్చిపోతారు, పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం వారాల తరబడి మెల్లగా చేరుతూ ఉంటుంది, సబ్‌డ్యూరల్ అంటారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళకి ఇంకా తేలిగ్గా వస్తుంది. సీటీ స్కాన్‌లో కనపడుతుంది, చాలామందికి చిన్న ఆపరేషన్‌తో ఆ రక్తం తీసేస్తే మనిషి మళ్ళీ మామూలు మనిషవుతాడు.

ఇవేవీ కాకపోతే, ఇంకోటి కూడా మనసులో పెట్టుకోవాలి. చిన్నపిల్లలు కనపడుతున్నారు అన్నారు, హాలోపెరిడాల్‌కి బిగుసుకుపోయారు అన్నారు, ఈ రెండూ కలిస్తే నాకు లూయీ బాడీ డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు అనుమానం వస్తుంది. అందులో పిల్లలో, కుక్కలో, పిల్లులో స్పష్టంగా కనపడతాయి, ఒక గంట బాగుండి ఒక గంట మబ్బుగా ఉంటారు, నడక చిన్నచిన్న అడుగులవుతుంది, కొందరు దానికి ఏళ్ళ ముందు నుంచే నిద్రలో కలవరిస్తూ కాళ్ళూ చేతులూ విసురుతుంటారు. ఇది మీ అమ్మగారిని అడగండి, ఆవిడకే తెలుస్తుంది. ఔనంటే ఆ ముక్క తప్పకుండా డాక్టర్‌కి చెప్పాలి, ఎందుకంటే వీళ్ళకి హాలోపెరిడాల్ లాంటి మందులు ప్రాణం మీదికి తెస్తాయి. కానీ పది రోజుల్లో వచ్చింది కాబట్టి ముందు పైన చెప్పినవే.

ఇక్కడ చదివే మిగతావాళ్ళ కోసం కూడా కొంచెం రాస్తాను, ఎందుకంటే ఈ విషయంలో నాకు కడుపుమంట ఉంది. కేసు షీట్ మీద ఒకసారి సైకియాట్రీ అని పడిందంటే ఆ తర్వాత ఆ మనిషి పల్స్ చూసేవాళ్ళు కూడా తగ్గిపోతారు, తలనొప్పి అన్నా, కాళ్ళు తిమ్మిరి అన్నా, అదంతా మెంటల్ అని తోసేస్తారు. అనుమానం, భయం, ఏడుపు, కోపం, నిద్రలేమి, లేనివి కనపడటం, వీటి మొహం చూసి కారణం చెప్పలేం. మనసు బాధతో వచ్చినా, థైరాయిడ్‌తో వచ్చినా, గడ్డతో వచ్చినా బయటికి ఒకేలా ఉంటాయి. వంద నూటయాభై ఏళ్ళ కింద యూరప్ పిచ్చాసుపత్రుల్లో గొప్పలు చెప్పుకుంటూ, తర్వాత మతిపోయి, పక్షవాతం వచ్చి చచ్చిపోయే మగవాళ్ళు వార్డులకి వార్డులు ఉండేవాళ్ళు, అది వాళ్ళ నడవడిక తప్పనీ వంశదోషమనీ రకరకాలుగా అన్నారు. 1913లో నొగూచి, మూర్ అనే శాస్త్రవేత్తలు ఆ రోగుల మెదడుల్లో సిఫిలిస్ అనే సుఖవ్యాధి క్రిమిని చూపించారు. తర్వాత పెన్సిలిన్ వచ్చాక ఆ వార్డులు ఖాళీ అయిపోయాయి. ఇప్పటికీ అనుమానం ఉన్న కేసుల్లో సిఫిలిస్ కోసం వీడీఆర్ఎల్ టెస్ట్ రాసేది అందుకే, దానికి ఎవరూ సిగ్గుపడక్కర్లేదు.

ఇప్పటి కాలంలో అలాంటిదే ఇంకోటి, వయసులో ఉన్న ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లో తెలియాల్సింది, యాంటీ ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్ అనే ఒక రకం మెదడువాపు. 2007లో జోసెప్ డాల్‌మౌ అనే న్యూరాలజిస్ట్ బృందం పన్నెండు మంది ఆడవాళ్ళ కేసులతో దీన్ని బయటపెట్టింది, వాళ్ళందరికీ టెరటోమా అనే గడ్డ ఉంది, ఎక్కువమందికి అండాశయంలో. ఒంట్లో తయారైన యాంటీబాడీలు వెళ్ళి మెదడు కణాల మీద ఉండే రిసెప్టర్లకి అతుక్కుని వాటిని లోపలికి లాగేస్తాయి. గడ్డ లేకుండా కూడా వస్తుంది, మగవాళ్ళకీ పిల్లలకీ కూడా వస్తుంది. ఎలా ఉంటుందంటే, నాలుగు రోజులు తలనొప్పి, నలతగా జ్వరం, తర్వాత నిద్ర పట్టదు, పిల్ల గడగడా మాట్లాడుతుంది, ఎవరో వెంటపడుతున్నారంటుంది, ఉన్నట్టుండి అరుస్తుంది, ఇంట్లోవాళ్ళు ప్రేమ వ్యవహారమనో పరీక్షల టెన్షనో చేతబడో అనుకుంటారు. తర్వాతి వారాల్లో ఫిట్స్, మూతి ఏదో నములుతున్నట్టు కదలడం, మాట ఆగిపోయి బొమ్మలా అయిపోవడం, బీపీ పల్స్ ఎక్కి దిగడం. సైకియాట్రీ మందులకి బాగా బిగుసుకుపోవడం కూడా ఒక గుర్తు. ఎంఆర్‌ఐ సగానికి పైగా కేసుల్లో నార్మల్‌గానే ఉంటుంది, అక్కడే చాలామంది ఆగిపోతారు.

న్యూయార్క్‌లో సుజానా కహాలన్ అనే 24 ఏళ్ళ జర్నలిస్ట్‌కి 2009లో ఇదే వచ్చింది. స్కాన్లు నార్మల్, ఏమిటో ఎవరికీ అంతు చిక్కలేదు. సుహేల్ నజ్జార్ అనే న్యూరాలజిస్ట్ వచ్చి ఒక కాగితం ఇచ్చి గడియారం బొమ్మ వేయమన్నారు. ఆ అమ్మాయి గుండ్రం గీసి 1 నుంచి 12 దాకా అంకెలన్నీ కుడివైపు సగంలోనే ఇరికించేసింది, ఎడమవైపు మొత్తం ఖాళీ. మెదడు కుడి భాగంలో వాపు ఉందని ఆయనకి అక్కడ దారి దొరికింది. కాగితం, పెన్ను, పేషెంట్ పక్కన కూర్చునే ఓపిక, ఇవి మన జిల్లా హాస్పిటల్స్‌లో కూడా ఉన్నాయి కదండీ.

దీనికి వెన్ను నుంచి నీరు తీసి టెస్ట్ చేయాలి, రక్తంలో కంటే అందులోనే సరిగ్గా దొరుకుతుంది. మన ఇళ్ళల్లో అది అనగానే నడుం పడిపోతుందని సంతకం పెట్టరు. పెద్దవాళ్ళలో వెన్నుపాము నడుం పైభాగంలోనే అయిపోతుంది, సూది దానికి రెండు ఎముకల కింద గుచ్చుతారు, అక్కడ వెన్నుపాము ఉండదు, విడివిడి నరాలు నీళ్ళలో తేలుతుంటాయి. రెండ్రోజులు తలనొప్పి రావచ్చు, అంతే ఎక్కువమందికి. ఆ సంతకం కోసం వారం తాత్సారం చేస్తే పిల్ల ఐసీయూకి వెళ్ళిపోయే జబ్బు ఇది. స్టెరాయిడ్స్, ఇమ్యునోగ్లోబులిన్, ప్లాస్మా మార్పిడి, అవసరమైతే రిటుక్సిమాబ్, గడ్డ ఉంటే తీసేయడం. 2013లో వచ్చిన 577 మంది పేషెంట్ల పెద్ద స్టడీలో రెండేళ్ళు తిరిగేసరికి ఐదుగురిలో నలుగురి దాకా బాగా కోలుకున్నారు. ఖర్చు భారీగా ఉంటుంది, అందుకే హైదరాబాద్ నిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్ లాంటి పెద్ద హాస్పిటల్స్‌కి ముందే వెళ్ళడం మంచిది.

మేనరికం పెళ్ళిళ్ళు మనలో ఎక్కువ కాబట్టి విల్సన్ జబ్బు గురించి కూడా చెప్పాలి. ఒంట్లో రాగి బయటికి పోక లివర్‌లో, మెదడులో పేరుకుంటుంది. టెన్త్, ఇంటర్ చదివే పిల్లాడికి మార్కులు పడిపోతాయి, చేతిరాత పాడవుతుంది, చిన్నదానికి పెద్దదానికి కోపం, చొంగ కారడం, మాట ముద్దగా రావడం, అందరూ ఫోన్ ఎక్కువైందనీ, చెడు సావాసం అనీ కొడతారు. కంటి డాక్టర్ స్లిట్ ల్యాంప్‌లో చూస్తే నల్లగుడ్డు అంచున గోధుమరంగు ఉంగరం కనపడుతుంది, రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్, 24 గంటల మూత్రంలో రాగి చూస్తారు. జీవితాంతం మందులు వాడితే బతుకు నిలబడుతుంది. ఒకరికి తేలితే అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ తప్పకుండా టెస్ట్ చేయించాలి, ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశం.

థైరాయిడ్ తక్కువైతే డిప్రెషన్, ఎక్కువైతే గుండెదడా ఆందోళనా, ఇది ఇప్పుడు చాలామందికి తెలుసు కాబట్టి వదిలేస్తున్నా. బీ12 మాత్రం చెప్పాలి, శాకాహారులు, ఏళ్ళుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కి పాంటప్రజోల్ వాడేవాళ్ళు (మీ నాన్నగారు కూడా చూసుకోండి) ఇందులో పడతారు. కాళ్ళు తిమ్మిర్లు, దూది మీద నడిచినట్టుండటం, మతిమరుపు, అనుమానాలు. రక్తహీనత లేకుండానే రావచ్చు. నీరసం అని ఒట్టి ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు మింగుతుంటే రక్తం బాగుపడినట్టు కనపడి నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి. ఆ ఫోలిక్ యాసిడ్‌ని 1940లలో ల్యాబ్‌లో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, అంత మంచి మందు కూడా బీ12 చూడకుండా ఇస్తే ఇలా అవుతుంది.

తాగుడు సంగతి దాచొద్దు. కాలు విరిగి హాస్పిటల్లో చేరిన మనిషికి మూడో రోజు మంచం మీద చీమలు పాకుతున్నాయంటే అది చాలాసార్లు తాగుడు ఉన్నట్టుండి ఆగిపోయినందువల్లే, ఇంట్లోవాళ్ళు పరువు అని సర్జన్‌కి చెప్పరు, అది ప్రాణం తీసే పరిస్థితి. 2020 లాక్‌డౌన్‌లో తెలంగాణలో కల్లు దుకాణాలు మూతపడ్డప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి జనం బారులు తీరింది ఇలాగే, కల్తీ కల్లులో ఆల్‌ప్రజోలమ్ లాంటివి కలుపుతారు, అది ఆగేసరికి మనుషులు అదుపు తప్పారు. అలాగే ఆర్‌ఎంపీలు కీళ్ళనొప్పులకి ఇచ్చే స్టెరాయిడ్‌తో నిద్రపట్టక ఊరంతా తిరిగేవాళ్ళు, ఫిట్స్‌కి లెవెటిరాసెటమ్ మొదలెట్టాక కోపం పెరిగినవాళ్ళు, పార్కిన్సన్స్‌కి ప్రమిపెక్సోల్ వాడుతూ ఫోన్లో రమ్మీకి డబ్బులన్నీ తగలేసినవాళ్ళు, అందరూ మందు మారిస్తే తేరుకునేవాళ్ళే. బాలింతలకి తలనొప్పి, ఫిట్స్, అయోమయం కలిసి వస్తే మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి, కొన్ని ఇళ్ళల్లో బాలింతకి నీళ్ళు తక్కువ ఇవ్వడం ఇంకా ఉంది, దయచేసి అది మానండి.

ఇదంతా చదివి ఇప్పటికే సైకియాట్రీ మందులు వాడుతున్నవాళ్ళు ఆపేయొద్దు. ఎక్కువమంది డిప్రెషన్, ఎక్కువమంది సైకోసిస్ (లేనివి కనపడటం, వినపడటం, గట్టి అనుమానాలు) కేసుల్లో స్కాన్‌లో ఏమీ ఉండదు, ఉండనంత మాత్రాన అది అబద్ధం జబ్బు కాదు, మందులతో బాగవుతుంది. ఊరికే ఏడాదికోసారి ఎంఆర్‌ఐ తీయించుకునేవాళ్ళని కూడా చూస్తుంటాం, దాని వల్ల డబ్బు పోవడం తప్ప ఏం లేదు. కొత్తగా వచ్చిందా, వేగంగా వచ్చిందా, ఒంటి లక్షణాలు తోడున్నాయా అనేదే అసలు ప్రశ్న.

మీరు చేయాల్సింది, ఒక తెల్ల కాగితం మీద తేదీల వారీగా రాయండి, ఏ రోజు దాకా పూర్తిగా మామూలుగా ఉన్నారు, మొదట ఏం మారింది, దానికి ముందు రెండు వారాల్లో ఏ మందు మొదలైంది, ఏది ఆగింది, జ్వరం, పడటం, విరేచనాలు. ఎలక్ట్రోలైట్స్, షుగర్, క్రియాటినిన్, లివర్, కాల్షియం, బ్లడ్ కౌంట్, యూరిన్, థైరాయిడ్ టెస్ట్ టీఎస్‌హెచ్, బీ12, ఈసీజీ, తల సీటీ, ఇవి అడగండి, డాక్టర్ చూసి ఇంకేమైనా కలుపుతారు. ఈలోపు రాత్రి గదిలో చిన్న లైటు వేసి ఉంచండి, కళ్ళజోడు, చెవి మిషన్ ఉంటే పెట్టండి, పిల్లలు లేరని వాదించకండి, భయపడొద్దు నాన్నా నేనిక్కడే ఉన్నా అనండి, మంచానికి కట్టేయకండి. అమ్మగారికి కూడా చెప్పండి, ఆయన ఆవిడని అనుమానించట్లేదు, జబ్బు అలా అనిపిస్తోంది అని, ఆవిడ ఈ పది రోజులూ ఎంత నలిగిపోయి ఉంటారో నాకు తెలుసు. దిష్టి తీయాలని బంధువులు పట్టుబడితే తీయనివ్వండి, రక్తం ల్యాబ్‌కి ఇచ్చి వచ్చాక. పొగ వేయడం, కొట్టడం, పసరు తాగించడం మాత్రం ఒప్పుకోవద్దు.

సోడియం ఎంత వచ్చిందో, బీపీ బిళ్ళలో ఏముందో, నిద్రలో కాళ్ళూ చేతులూ విసరడం ఉందో లేదో, ఈ మూడూ రేపు ఇక్కడ రాయండి, చూసి చెప్తాను. చీటీ ఫోటో పెడితే పేరూ ఫోన్ నంబరూ కనపడకుండా చూసుకోండి.